కుడివైపు అక్షరం

గురువారాలు లైబ్రరీ వెనకగదిలో కూర్చుంటాను.
పొలాల్లో దొరికినవేవో జనం తెచ్చి చూపిస్తారు:
గుండీలు, విరిగిన బకిల్సు, తుపాకి గుండ్లు.
ఒకావిడ కట్టుడుపన్ను తెచ్చింది,
రోమన్లదేమోనని.

ఇవాళ క్లైవ్ రడ్కిన్.
చక్కెర దుంపల చేలోంచి నేరుగా వచ్చాడు,
సగం లింకన్‌షైర్ బూట్లకే అంటుకుని ఉంది.
అగ్గిపెట్టె తెరిచాడు. దూదిలో
బొటనవేలి గోరంత రాగిబిళ్ళ,
చిలుము పట్టి, చేప పొలుసంత పల్చగా.
"వెనిగర్ పోసి తోముదామనుకున్నా."
తోమలేదు కదా?
తోమలేదు.
నీ కడుపు చల్లగుండ, కూర్చో.

దీపం నెత్తిమీద పెడితే ఇది నోరు విప్పదు.
పక్కనుంచి, బల్లకు ఆనేంత కిందుగా పెట్టాలి.
అప్పుడు నీడలు లేస్తాయి,
నీడల్ని పట్టుకుని అక్షరాలు.
నక్షత్రం దగ్గర మొదలెట్టి
గడియారం ముల్లులా చుట్టూ చదువు:
తోబయాస్ బెల్లింగర్.
చెక్కినవాడు ఒక అక్షరం తిరగేశాడు,
మూడున్నర శతాబ్దాలుగా అది తిరగబడే ఉంది.
నడుమ చక్కెర దిమ్మ బొమ్మ. అంటే కిరాణా.
వెనక్కి తిప్పితే ఊరి పేరు, స్కెల్‌థార్ప్.

లండన్‌కు చిల్లర సంగతి పట్టని రోజులు.
చిటికెడు మిరియాలు కొన్నవాడికి
మిగతా ఇవ్వడానికి కాణీ లేక
కొట్టువాళ్ళే బిళ్ళలు కొట్టించుకున్నారు.
వీధి మలుపు దాటితే చెల్లదు.
మలుపుకు ఇవతల మాత్రం
తోబయాస్ మాట ఎంతో అదీ అంతే.

ఊరి పేరు లోపల మూడక్షరాలు, పొయ్యిరాళ్ళలా.
పైన ఇంటిపేరుది, బి.
కింద ఎడమన అతనిది, టి.
కుడిన పెళ్ళానిది.
అదే అరిగిపోయింది.

పారిష్ రిజిస్టరు నకలు తీశాను.
తోబయాస్‌కు ముగ్గురు, ఒకరు పోయాక ఒకరు:
ఆలిస్, డోర్కస్, అర్సులా.
ఎవరి అక్షరమో తేలితే బిళ్ళ వయసు తేలుతుంది.
భూతద్దం కింద మిగిలింది ఒక్క గీత. నిలువు గీత.
ఆలిస్‌ది ఎ అయితే గీత వాలాలి.
అర్సులాది యు. అప్పట్లో దాన్ని వి లాగే చెక్కేవారు,
అదీ వాలుతుంది.
నిటారుగా నిలబడేది డోర్కస్ ఒక్కతే.

ఆమె కాపురం పద్నాలుగు నెలలు.
ఖననాల పేజీలో ఒకే రోజున, ఒకే సిరాతో
ఆమె, పేరు పెట్టని బిడ్డ.

క్లైవ్ బురదబూట్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

తోబయాస్ పోయాక రాసిన సామాను జాబితా ఉంది:
సబ్బు, పొగాకు, తూనిక రాళ్ళు, ఒక గుడ్డి గుర్రం,
పెట్టెలో సొంత బిళ్ళలు, రెండు పౌండ్ల పైచిలుకు.
అంటే అచ్చు మార్చనే లేదు.
పదకొండేళ్ళు అర్సులా గల్లా దగ్గర నిలబడి
చచ్చిపోయిన సవతి అక్షరాన్ని
చిల్లరగా లెక్కపెట్టి ఊరికి పంచింది.

ప్రేమా? పిసినారితనమా?
కొత్త అచ్చుకు డబ్బు దండగనుకున్నాడేమో.
రాగి ఆ మాట చెప్పదు.

నేనూ రెండో పెళ్ళాన్నే.
మా వెండి చెంచాల కాడలమీద జె ఉంటుంది.
నా పేరు ఫిలిప్పా.
పంతొమ్మిదేళ్ళుగా వాటితోనే గంజి తాగుతున్నాం.
తోముతున్నప్పుడు నా బొటనవేలు
ఆ అక్షరం మీద కాసేపు ఎక్కువ ఆగిందంటే
అది మరక కోసమే.

"ఎంత చేస్తుంది?" అన్నాడు క్లైవ్.
నాలుగు పౌండ్లు. పిచ్చివాడు దొరికితే ఆరు.
మూతి విరిచాడు. డీజిలుకైనా రాదన్నాడు.
కానీ అగ్గిపెట్టెలో పెట్టేముందు
ఆగి, బిళ్ళను తిప్పి,
గీత ఉన్న వైపు పైకి వచ్చేలా దూదిమీద ఆనించాడు.

రికార్డు పుస్తకంలో రాశాను:
పైన బి. ఎడమ టి. కుడి డి.
డి పక్కన పెన్సిల్‌తో, చిన్నగా, బహుశా.

గుమ్మంలో ఎవరో దగ్గారు,
చేతిలో తడి గోనెసంచి.
రండి, తలుపేసి రండి, గాలొస్తోంది.